ఆ మెయిల్ స్క్రిప్ట్ కొంటున్నారా? ముందు ఉదయం, సాయంత్రం పెట్టి చూడండి

నోటీసుల్లో మాటలు మార్చి అందరికీ మెయిల్ కొట్టే ఆ రెడీమేడ్ స్క్రిప్ట్ ఉందే, దాని గురించే. పేరు రాయను, కొన్నవాళ్ళకి తెలుస్తుంది. "ఎన్ని మాటలైనా ఒక్క క్లిక్‌తో" అని రాసి ఉంటే నమ్మి డబ్బు కట్టేశాను. అబద్ధం కాదులెండి, మార్చింది. మార్చినదాన్ని కూడా మళ్ళీ మార్చింది!

మా క్లాసుల టైమింగులు తారుమారు చేయాల్సొచ్చింది. పట్టికలో రెండు వరుసలు నింపాను: ఉదయం ఉన్నచోట సాయంత్రం, సాయంత్రం ఉన్నచోట ఉదయం. బటన్ నొక్కి పడుకున్నాను. లేచి చూస్తే "ఉదయం లెక్కలు, సాయంత్రం ఫిజిక్స్" అన్న లైను కాస్తా "ఉదయం లెక్కలు, ఉదయం ఫిజిక్స్" అయి కూర్చుంది. ప్రతి నోటీసులోనూ ఇంతే. రెండు బ్యాచ్‌లూ ఒకే గది ముందు నిలబడి నాకు ఫోన్లు. పైగా పాత ఫైళ్ళ మీదే సేవ్ అయింది. కాపీ తీసి పెట్టుకోని నా తెలివికి ఓ దండం.

తప్పు ఎక్కడంటే, లోపల పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో మాటలు మార్చే స్ట్రింగ్ రీప్లేస్ ఫంక్షన్‌కి పాత మాటలు, కొత్త మాటలు అని రెండు అర్రేలు (జాబితాలు) ఇచ్చి, దీన్ని రాసి అమ్మినవాడు చేతులు దులుపుకున్నాడు. ఆ ఫంక్షన్ పాత మాట, కొత్త మాట జతలన్నిటినీ ఒకేసారి చూడదు. మొదటి జతతో టెక్స్ట్ మొత్తం మార్చేసి, ఆ మారిన టెక్స్ట్ మీద రెండో జత నడుపుతుంది. మొదటి రౌండ్‌లో అంతా సాయంత్రం, రెండో రౌండ్‌లో అంతా ఉదయం. ఇక ఏది అసలుదో, ఏది మారిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు ఇది: "ఇది బగ్ కాదండీ. లాంగ్వేజ్ అలాగే పనిచేస్తుంది. మాన్యువల్ చదువుకోండి." చదివాను. నిజంగానే ఎడమ నుంచి కుడికి వెళ్తుందని, ముందు పెట్టిన మాటనే మళ్ళీ మార్చవచ్చని అందులో హెచ్చరిక ఉంది. మరి చదవాల్సింది కొన్న నేనా, అమ్మిన నువ్వా?

అంతవరకూ ఓర్చుకున్నాను. తర్వాత కోడ్ ఫైల్ తెరిస్తే, సరిగ్గా ఆ లైను పైన ఒక కామెంట్: "వరుస మార్చితే తేడా వస్తుంది, జాగ్రత్త." అంటే వాడికి తెలుసు! తెలిసి, నాకు చెప్పకుండా, తనకి తాను చెప్పుకున్నాడు. అదీ సగమే. నా పట్టికలో జతల వరుస తిరగేసినా అన్నీ సాయంత్రమే అవుతాయి తప్ప బాగుపడవు.

కొనకముందు నేను చేసిన టెస్ట్ ఏమిటో తెలుసా? ఒక్క జత. ఒక్క జతతో ఏ స్క్రిప్టయినా పనిచేస్తుంది.

తవ్వుతుంటే ఇంకా బయటపడ్డాయి. 1కి ఒకటి, 10కి పది అని ఇస్తే 10 కాస్తా "ఒకటి0" అయింది, ఎందుకంటే 1 ముందుంది. పట్టికలో కుడివైపు కొత్త మాట ఒకటి తక్కువ పడితే ఎర్రర్ రాదు, జోడీ లేని పాత మాట నోటీసులోంచి మాయమవుతుంది.

ఇప్పటికే కొన్నవాళ్ళు ఆ లైను తీసేసి, అదే పీహెచ్‌పీలో ఉన్న ఎస్‌టీఆర్‌టీఆర్ (strtr) అనే ఫంక్షన్‌కి జతల అర్రే ఇవ్వండి. పొడవైన మాటను ముందు పట్టుకుంటుంది, ఒకసారి మార్చినదాని జోలికి మళ్ళీ వెళ్ళదు. పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రీప్లేస్ మీద రీప్లేస్ గొలుసుగా రాసేవాళ్ళకీ ఇదే గతి. అక్కడ మాటలన్నీ ఒకే రెజెక్స్‌లో (మాటల్ని వెతికే నమూనాలో) పెట్టి ఒక్క పాస్‌లో మార్చాలి. ముందు కాపీ తీసుకోండి.

రీఫండ్ అడిగాను. టికెట్ పక్కన "పరిష్కరించాం" అని పచ్చ రంగులో కనిపిస్తోంది.