గ్రహణం వార్తలతో ఇంగ్లీష్ నేర్పే కోర్సు కొనేముందు ఒక్కసారి చదవండి

"వార్తలు చదువుతూ ఇంగ్లీష్ పదాలు నేర్చుకోండి" అంటూ ఫోన్ తెరిస్తే చాలు ప్రకటనలు. అలాంటి కోర్సు ఒకటి మా తమ్ముడి బ్యాంకు పరీక్షల కోసం 1,499 రూపాయలు పెట్టి తీసుకున్నాం. దయచేసి మీరు తీసుకోకండి. ఉచితంగా చూపించే డెమో పాఠం బాగానే ఉంటుంది. డబ్బు కట్టాక వచ్చేదే అసలు సరుకు.

2025 సెప్టెంబర్ 7, భాద్రపద పౌర్ణమి రాత్రి వచ్చిన సంపూర్ణ చంద్రగ్రహణం మీద వాళ్ల పాఠమే చూడండి. 'అంబ్రా' అంటే పలచని నీడ, 'పెనంబ్రా' అంటే చిక్కటి నీడ అని రాశారు. పూర్తిగా తిరగేశారు! 'టోటాలిటీ'కి "మొత్తం గ్రహణ సమయం" అని అర్థమిచ్చారు. నిజానికి అది చంద్రుడు చిక్కటి నీడలో పూర్తిగా మునిగి ఉండే సమయం మాత్రమే. ఆ రోజు మనకు రాత్రి 11 నుంచి 12:22 దాకా, సుమారు 82 నిమిషాలు. పాక్షిక గ్రహణం పది గంటలకు కాస్త ముందే మొదలైంది. 'బ్లడ్ మూన్' అనే మాట ఇచ్చి, ఎరుపు ఎందుకో ఒక్క ముక్క రాయలేదు. భూమి వాతావరణంలో నీలం రంగు చెదిరిపోయి, ఎర్రటి వెలుగు వంగి చంద్రుడి మీద పడుతుందని రెండు వాక్యాల్లో చెప్పొచ్చు కదా.

ఇక ప్రాక్టీస్ వాక్యం: అమావాస్య నాటి చంద్రగ్రహణాన్ని ప్రత్యేక కళ్లద్దాలు లేకుండా చూడకూడదట. మా నాయనమ్మ విని పకపకా నవ్వింది. చంద్రగ్రహణం పున్నమికే వస్తుంది, మామూలు కళ్లతోనే చూడొచ్చు. కళ్లద్దాల గొడవ సూర్యగ్రహణానిది.

అన్నిటికన్నా ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. 'ఎక్లిప్స్'ని క్రియగా వాడితే ఇంకొకరి పేరు వెలవెలబోయేలా మించిపోవడం అనే అర్థం కూడా ఉంది. పరీక్షకు పనికొచ్చే ఆ వాడుక పాఠంలో లేనే లేదు.

రీఫండ్ అడిగితే "ఫైల్ ఓపెన్ చేశారు కాబట్టి కుదరదు" అన్నారు. ఆ షరతు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. తెరవకుండా తప్పులు ఎలా తెలుస్తాయండీ?

ఇలాంటివి కొనాలనుకుంటే డెమో కాకుండా మీరు అడిగిన పాఠం ఒకటి పంపమనండి. అందులో నాలుగు పదాలు ఏదైనా మంచి డిక్షనరీలో సరిచూడండి. పంపనంటే వదిలేయండి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో వార్తల పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. ఇప్పటికే కట్టేసినవాళ్లు ప్రకటన, రసీదు స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ ఫిర్యాదు ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు.