హరికేన్ లాంతరు: ఏళ్ళ తరబడి వాడాక

1900 తర్వాత ఇంటింటికీ చేరిన కిరసనాయిలు లాంతర్లలో ఈ రోజుకీ కొనదగ్గది కోల్డ్ బ్లాస్ట్ రకం ఒక్కటే. 1840లో న్యూయార్కులో మొదలైన డీట్జ్ కంపెనీ, 1902 నాటి జర్మనీ ఫాయర్‌హాండ్ కంపెనీ అమ్మినవాటిలో ఈ తరహావి ఉన్నాయి. ఇప్పుడు దొరికే కొత్తవీ దాదాపు అదే అచ్చులో పోసినట్టుంటాయి. పాతదైనా కొత్తదైనా ఇక్కడ చెప్పేది వర్తిస్తుంది.

కొనేముందు చూడాల్సింది పక్క గొట్టాలు ఎక్కడికి వెళ్ళి కలుస్తున్నాయన్నది. హాట్ బ్లాస్ట్ లాంతర్లో దీపం నుంచి పైకి పోయిన వేడిగాలే కొంత గొట్టాల్లోంచి మళ్ళీ మంట దగ్గరికి వస్తుంది. ఒకసారి కాలిన గాలి కాబట్టి మంట ఎర్రగా, మందంగా ఉంటుంది. కోల్డ్ బ్లాస్ట్‌లో పొగగొట్టం వేరు, గాలి పీల్చుకునే గది వేరు. పైమూత కింద పొగగొట్టం చుట్టూ ఉన్న గదిలోంచి చల్లగాలి రెండు గొట్టాల వెంట కిందికి దిగి, వత్తి వెలిగే బర్నరుకి చేరుతుంది. వెలుగు తెల్లగా, దాదాపు రెట్టింపు వస్తుంది. వానగాలికి ఆరకపోవడానికీ ఇదే కారణం. గాలి లోపలికి పోయే చోటూ, పొగ బయటికి పోయే చోటూ పక్కపక్కనే ఉండటంతో ఈదురుగాలి రెండింటినీ ఒకేలా తోస్తుంది, మంట మీద ఒత్తిడి మారదు. పాత ప్రకటనల్లో గాలివానకి ఆరదని చెప్పిన మాట నిజమే. కానీ లాంతరు పట్టుకుని గబుక్కున పైకీ కిందికీ ఆడిస్తే మాత్రం ఆరిపోతుంది.

ఇక వత్తి. పొగ వస్తోందని, చిమ్నీ (మంట చుట్టూ ఉండే గాజు) మసిబారుతోందని జనం లాంతర్ని తిట్టుకుంటారు గానీ, తప్పు చాలాసార్లు వత్తి కత్తిరించడంలోనే ఉంటుంది. పదునైన కత్తెరతో అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. రెండు మూలలూ అణుమాత్రం ఏటవాలుగా తీసేయాలి. మూలలు అలాగే వదిలేస్తే మంటకి రెండు కొమ్ములు లేచి, ఒకటి గాజుని నాకుతుంది. ఆ వైపు మసి పడుతుంది, చివరికి గాజు పగిలేదీ అక్కడే. కత్తిరించాక వేలాడే ఒక్క దారప్పోగు ఉన్నా సరిపోతుంది, దాని మీద సన్నటి మంట నాలుకలా లేచి పొగ కక్కుతుంది. కొత్త వత్తి వేశాక నూనె పోసి 20 నిమిషాలు ఆగండి. పైదాకా తడవకముందే వెలిగిస్తే నూనె బదులు నూలు కాలుతుంది.

వెలిగించేటప్పుడు వత్తి కొస బర్నరు టోపీ చీలికకి సమంగానో, వెంట్రుకవాసి కిందో ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు మంట చిన్నగా ఉంచండి. బర్నరు వేడెక్కేకొద్దీ మంట తనంతట తనే పెరుగుతుంది. అప్పుడు చూసుకుని కాస్త పెంచాలి. వెలిగించగానే పెద్దది చేసి అవతలికి పోతే, తిరిగొచ్చేసరికి చిమ్నీ నల్లగా ఉంటుంది. వత్తి బాగానే ఉన్నా పొగ వస్తుంటే గాజు కింద ఉండే చిల్లుల రేకు చూడండి. కాలిన పురుగులు, వత్తి బొగ్గు ఆ చిల్లుల్లో పేరుకుని గాలి అడ్డుకుంటాయి. పాత పళ్ళ బ్రష్షుతో తోమితే చాలు.

అరంగుళం పైచిలుకు వెడల్పున్న వత్తికి గంటకి సుమారు 20 మిల్లీలీటర్ల కిరసనాయిలు పడుతుంది. అంటే పావు లీటరుతో రాత్రంతా గడుస్తుంది. ట్యాంకు అంచుదాకా నింపొద్దు, వేడికి నూనె పొంగి మూత దగ్గర చెమర్చుతుంది. వెలుగుతుండగా పోయకూడదు, పెట్రోలు చుక్కైనా కలపకూడదు. మంట చిటపటలాడితే నూనెలో నీళ్ళు చేరాయని అర్థం, ట్యాంకు ఒంపి ఎండలో ఆరబెట్టాలి. కొబ్బరినూనె, ఆముదం ఇందులో పనిచేయవు. ప్రమిదలో వత్తి నూనెలోనే పడుకుంటుంది, ఇక్కడ నూనె కొన్ని అంగుళాలు నిట్టనిలువునా ఎక్కాలి. చిక్కటి నూనె అంత ఎక్కదు. కిరసనాయిలు దొరకనివాళ్ళకి దీపాల కోసం అమ్మే పల్చటి పారఫిన్ నూనె సరిపోతుంది. వెలుగు కాస్త తగ్గినా వాసన తక్కువ.

గాజు పూర్తిగా చల్లారాకే కడగాలి. సబ్బునీళ్ళు, ఆపైన పొడి వార్తాపత్రికతో తుడుపు, అంతే. మసి మొండిగా ఉంటే జల్లించిన బూడిద వాడొచ్చు. ఇసుకరేణువు ఉంటే గీతలు పడతాయి, గీత పడిన చోట గాజు బలహీనం. మార్చాల్సి వస్తే ఎత్తూ, కింది మూతి వెడల్పూ రెండూ కొలిచి కొనండి. ఎత్తు తగ్గితే సందులోంచి గాలి దూరి మంట వణుకుతూనే ఉంటుంది.

నన్ను ఇబ్బంది పెట్టే లోపాలు రెండున్నాయి. చదువుకునేవారి మీద పక్క గొట్టాల నీడ పడుతుంది. గొట్టాలు కుడి ఎడమలకి వచ్చేలా, మధ్య గాజు పుస్తకానికి ఎదురుగా ఉండేలా తిప్పిపెట్టుకోవాలి. రెండోది తుప్పు. ట్యాంకు అడుగు లోపలి నుంచే తినేస్తుంది, బయటికి తెలియదు. పాత లాంతరు కొంటే నూనె పోసి ఒక రాత్రి కాగితం మీద పెట్టండి, ఎక్కడ కారుతున్నా మరక చెప్పేస్తుంది. మాటు పెట్టించే ముందు నూనె ఒంపి, సబ్బునీళ్ళతో కడిగి, మాటు పెట్టే చోటికి కాస్త కిందిదాకా నీళ్ళు నింపమనండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుంది. వాడని నెలల్లో నూనె ఉంచకండి.

తలుపులన్నీ మూసిన గదిలో దీన్ని పెట్టుకుని పడుకోవద్దు, విషవాయువు ప్రాణం తీస్తుంది. కిటికీ తెరిచే ఉంచాలి.

బ్యాటరీ దీపాలుండగా ఇదెందుకంటే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ దీపం ఛార్జింగు అయిపోయాక కరెంటు కోసం చూడాల్సిందే. దీనికి సీసాడు నూనె ఉంటే చాలు. కోస్తాలో ఉండేవాళ్ళు లాంతరుతో పాటు ఒక గాజూ, గజం వత్తీ అదనంగా కొనిపెట్టుకోండి. తుపాను వచ్చాక దుకాణాల్లో వెతికితే దొరకవు.