బెంగళూరు యలహంక వైపు డీఎన్ఏ బార్‌కోడింగ్ ల్యాబ్: పని మంచిదే, రిపోర్టే కురచ

పల్నాడులో మా నాన్న మిరప పూలు దులిపితే నల్లగా రాలే పురుగులు, అదే చేలో పై ముడత వచ్చిన (పైకి ముడుచుకున్న) ఆకుల మీది పసుపు పిల్లపురుగులు, ఈ రెండూ ఏవో తేల్చమని ఇక్కడ ఇచ్చాను. ఊళ్ళో అన్నిటినీ తామర పురుగనే అంటారు. పెద్దపురుగైతే తెలిసినవాళ్ళు మైక్రోస్కోపు కింద చూసి చెప్పేస్తారు, దానికి ఇంత ఖర్చు దండగ. పిల్లపురుగులతోనే చిక్కు, చూపుకి తేడా దొరకదు. డీఎన్ఏకి వయసుతో పనిలేదు కదా. కణంలోని మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులో 650 చిల్లర డీఎన్ఏ అక్షరాలు చదివి డేటాబేస్‌తో పోలుస్తారు. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీలో పాల్ హెబర్ట్ బృందం ముందుకు తెచ్చిన ఈ పద్ధతినే డీఎన్ఏ బార్‌కోడింగ్ అంటారు.

ఆల్కహాల్ పోసిన బుల్లి సీసాలు వాళ్ళే ఇచ్చారు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడైపోతుందని గట్టిగా చెప్పారు కూడా. రాత్రి బస్సులో తెచ్చినా శాంపిల్ చెడలేదు.

పూలవి త్రిప్స్ పార్విస్పైనస్. 2021లో గుంటూరు మిరపని ముంచిన నల్ల తామర పురుగే. (మన దేశంలో ఇది ఉందని 2015లో మొదట రాసింది బెంగళూరు బొప్పాయి మీద చూసే!) ఆకులవి మాత్రం మన పాత తామర పురుగే, సిర్టోత్రిప్స్ డార్సాలిస్. నాన్నేమో అంతా నల్లదే అనుకుని మందు కొడుతున్నాడు.

ఇక రిపోర్టు. ఒక్క పేజీ, ఒక పేరు, 99 శాతం మ్యాచ్. ఏ రికార్డుతో కలిసింది, ఆ రికార్డుకి ఆ పేరు ఎవరు పెట్టారు, ఏమీ లేదు. డేటాబేసుల్లో తప్పు పేర్లతో ఎక్కినవీ ఉంటాయి. దానితో మన పురుగు 99 శాతం కలిస్తే మనకీ ఆ తప్పు పేరే వస్తుంది. అడిగితే సీక్వెన్స్ (చదివిన అక్షరాల వరుస) గ్రాఫు ఫైలు మెయిల్ చేశారు, విసుక్కోలేదు. కానీ అడిగితేనే.

ఇంకోటి, పురుగుని మొత్తం నూరేశారు. మిల్లీమీటరు ప్రాణి, మళ్ళీ చూద్దామంటే ఏం మిగల్లేదు. నూరకుండా డీఎన్ఏ తీసి, ఒంటిని స్లైడు మీద దాచే పద్ధతి ఉంది. అదే కావాలని ముందే రాసివ్వండి.

ఐదుకి మూడున్నర. రిసెప్షన్‌లో తెలుగు నడుస్తుంది, పార్కింగ్ లేదు.