పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు ఆంబు బ్యాగా, టీ-పీసా?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో నెలకు పది కాన్పులయ్యే చిన్న లేబర్ రూమ్‌కి ఒక్క పరికరమే ఇస్తామంటే నేను ఆంబు బ్యాగే, అంటే మాస్క్ పెట్టి చేత్తో నొక్కి గాలి పంపే సంచే, అడుగుతాను. గ్యాస్ లైనుకో సిలిండర్‌కో తగిలించి వాడే టీ-పీస్ తక్కువదని కాదు. ఒక విషయంలో అదే మేలు.

టీ-పీస్‌లో ఎంత ఒత్తిడితో గాలి పోవాలో ముందే సెట్ చేస్తాం. ఎవరు వాడినా ప్రతి ఊపిరీ అదే ఒత్తిడితో వెళ్తుంది. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు కూడా కొంత ఒత్తిడి నిలుస్తుంది కాబట్టి ఊపిరితిత్తులు ముడుచుకుపోవు. నెలలు నిండని బిడ్డకు ఇది పెద్ద మేలు. వనరులున్న చోట టీ-పీస్‌కే మొగ్గు చూపమని 2021లో ఇల్కార్ అనే అంతర్జాతీయ నిపుణుల మండలి చెప్పింది కూడా. అయితే పక్కన ఆంబు బ్యాగ్ ఉంచుకోమనీ చెప్పింది. ఎందుకంటే గ్యాస్ లైనో సిలిండరో లేకపోతే టీ-పీస్ పనిచెయ్యదు. వానాకాలంలో సిలిండర్ మార్పించడానికి ఎంత తిరగాలో ఇటువైపు పనిచేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆంబు బ్యాగ్‌కి గ్యాస్ అక్కర్లేదు, నొక్కి వదిలితే గదిలో గాలితో తనే నిండుతుంది. 35 వారాలు దాటిన బిడ్డకు మొదలుపెట్టేది ఎలాగూ మామూలు గాలితోనే. ఆక్సిజన్ లేదని ఆగాల్సిన పనిలేదు. లోపం ఏమిటంటే, ఒత్తిడి మన చేతిని బట్టి మారుతుంది.

గడ్చిరోలి జిల్లాలోనే దీనికి దగ్గరి లెక్క ఒకటి ఉంది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల 'సెర్చ్' సంస్థ ఇంటి కాన్పులను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఫలితాలు ప్రచురించింది. నోటితో ఊదడం, ట్యూబ్-మాస్క్ (మాస్క్‌కి తగిలించిన ట్యూబ్‌లో ఊదడం), బ్యాగ్-మాస్క్ (అంటే ఆంబు బ్యాగ్) పోల్చి చూస్తే బ్యాగ్-మాస్కే మెరుగ్గా కనిపించింది. వాడింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఊరి ఆరోగ్య కార్యకర్తలు.

అసలు తేడా వచ్చేది చేతుల దగ్గర. మాస్క్ గడ్డం కొసని, నోటిని, ముక్కుని కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. అంచు నుంచి గాలి లీకైతే ఏ పరికరమైనా ఒకటే. తల మరీ వెనక్కి వాలకూడదు, ముందుకు వంగకూడదు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు, ఛాతీ కొంచెం లేచేంత మాత్రమే నొక్కాలి. ఛాతీ లేవకపోతే ముందు మాస్క్, తల సరిచేయాలి. తర్వాత నోరు, ఆపైన ముక్కు సక్షన్ చేసి (అడ్డున్న ద్రవాన్ని పీల్చి తీసి), నోరు కాస్త తెరిచి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ లేవకపోతేనే ఒత్తిడి పెంచాలి. గుండె వేగం పెరిగిందంటే గాలి అందుతున్నట్టే. ఛాతీ లేచేలా 30 సెకన్లు ఊదినా గుండె వేగం 60 దాటకపోతే, అప్పుడు ఛాతీ నొక్కడం: మూడు నొక్కుళ్లకు ఒక ఊపిరి.

ఇదంతా మొదలవ్వాల్సింది మొదటి నిమిషంలోపే. కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి చరిచే అలవాటు ఆ నిమిషాన్ని తినేస్తుంది. తుడిచి, వీపు రుద్ది, ఊపిరి రాకపోతే వెంటనే బ్యాగ్.

మరి ఈ నైపుణ్యం దేనితో నిలుస్తుంది: ఏడాదికోసారి జిల్లాలో ట్రైనింగ్‌తోనా, వారానికి పది నిమిషాలు బొమ్మ మీద ప్రాక్టీస్‌తోనా? నూరు మంది బిడ్డల్లో బ్యాగ్ అవసరమయ్యేది సుమారు ఐదుగురికి. నెలకు పది కాన్పులంటే రెండు నెలలకు ఒకరు. ఆ ఒక్కరూ నలుగురు సిస్టర్లలో ఎవరి డ్యూటీలో పుడతారో తెలియదు. ఏడాదంతా ఒకట్రెండు సార్లే చేసే పని చేతికి గుర్తుండదు. కేంద్ర ప్రభుత్వ నవజాత శిశు సురక్షా కార్యక్రమం (ఎన్‌ఎస్‌ఎస్‌కే) ట్రైనింగ్ 2009 నుంచి ఉంది, అది పునాదికి కావాలి. కానీ నా ఓటు వారం వారం ప్రాక్టీస్‌కే.

జిల్లా ఆసుపత్రిలో జబ్బు పడ్డ పసికందుల ప్రత్యేక విభాగం (ఎస్‌ఎన్‌సీయూ), నెలలు నిండని కాన్పులు ఎక్కువగా చూసే లేబర్ రూమ్ అయితే టీ-పీస్ అడగండి. మిగతా చోట్ల 0, 1 సైజు మాస్కులు రెండూ దగ్గరుంచుకుని, డ్యూటీ ఎక్కగానే మాస్క్‌ని అరచేతికి అదిమి బ్యాగ్ నొక్కి చూడండి. ఒత్తిడి చేతికి తగలకపోతే ఆ బ్యాగ్ మార్చాల్సిందే.