యార్క్‌లో వగరు టీ, విట్బీలో వాలిపోయిన చిప్స్

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు, వాడికి సెలవు దొరక్క మేమిద్దరమే యార్క్, విట్బీ మూడు రోజులు తిరిగొచ్చాం. ఊళ్ళకు వంక పెట్టలేం. వంకలన్నీ తిండికే, అవీ ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చింది.

యార్క్‌లో ఓ ఇంటివాళ్ళే నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో దిగాం. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. మెట్లు మరీ ఇరుకు, పెద్ద సూట్‌కేసుతో వెళ్ళకండి. షాంబుల్స్ వీధికీ, మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికీ నడిచే వెళ్ళొచ్చు. పొద్దున టీ మాత్రం ఆకు కుండలోనే నాని నాని నల్లగా, నాలుక పట్టేసేంత వగరుగా ఉంది. "నాట్ గుడ్" అన్నాను. ఇంటావిడ కంగారుపడి ఇంకాస్త పంచదార తెచ్చిపెట్టింది!

రాత్రి అబ్బాయికి ఫోన్లో చెబితే, "స్ట్యూడ్ అనాలమ్మా. ముందు 'ఎ బిట్' తగిలించు, లేకపోతే తిట్టినట్టుంటుంది" అన్నాడు. మర్నాడు "ఇట్స్ ఎ బిట్ స్ట్యూడ్" అనగానే కొత్త కుండతో టీ వచ్చేసింది.

'ఆఫ్' అనే మాట దగ్గర ఇంకో తమాషా. పాలజగ్గు వాసన చూసి ఆవిడ "ఆఫ్" అంటే పాలు పాడయ్యాయని అర్థమైంది. సాయంత్రం ఓ పబ్‌లో "ఫిష్ పై ఈజ్ ఆఫ్ టుడే" అన్నారు. "పాడైన చేపట, పద పోదాం" అని మా ఆయన లేచి నిలబడ్డారు. పాపం, అయిపోయిందని చెప్పారంతే.

విట్బీకి బస్సులోనే వెళ్ళండి, దారిలో మూర్స్ అనే, పొదలు తప్ప చెట్లు పెద్దగా లేని బయళ్ళు. అక్కడి యాబీ, అంటే పాత క్రైస్తవ మఠం, శిథిలాల దాకా 199 మెట్లు. మోకాళ్ళ నొప్పులుంటే మధ్యలో బెంచీలున్నాయి. దిగేసరికి ఆకలి దంచేస్తోంది. ఇక్కడో జాగ్రత్త: యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో చేపా, చిప్సూ బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో వేయిస్తారు. మేం అడిగి, మామూలు నూనె వాడే షాపు వెతుక్కున్నాం. హాడక్ చేప పైన కరకర, లోపల పొరలు పొరలుగా విడిపోతూ బ్రహ్మాండం. చిప్స్‌ని మూత పెట్టిన డబ్బాలో కట్టించుకోవడం మా తప్పు. హార్బర్ దాకా నడిచేలోపు ఆవిరికి మెత్తబడి, ఒకటి పట్టుకుని ఎత్తితే ఉడికిన అరటితొక్కలా వాలిపోయింది. దీన్నే 'సాగీ' అంటారు.

మనం 'చప్పగా' అని ఒక్క మాటతో సరిపెట్టేదానికి వాళ్ళకు రెండున్నాయి. గ్యాస్ పోయిన కూల్‌డ్రింక్ 'ఫ్లాట్', ఉప్పూ కారం లేని కూర 'బ్లాండ్'. చేపతో ఇచ్చిన పచ్చబఠాణీ ముద్ద, మషీ పీస్, రెండోదానికి సాక్షాత్తూ ఉదాహరణ. దాని గురించి ఎవరికీ ఏం చెప్పలేదు. సంచీలోంచి కందిపొడి సీసా తీశాను.