ఆ బొమ్మల్లో మనుషులు ఎటు చూస్తున్నారు: వెనిస్, వియన్నా యాత్ర

రినైసాన్స్ (యూరప్‌లో సుమారు 15, 16 శతాబ్దాల కళా వికాసం) నాటి ప్రకృతి చిత్రాల్లో కొండల మధ్యా చెట్ల కిందా చిన్నగా నిలబడి ఉండే మనుషులంటే నాకు చాలా ఇష్టం. వాళ్లెవరో, అక్కడేం చేస్తున్నారో దగ్గరగా చూడాలని అక్కను వెంటబెట్టుకుని వెనిస్, వియన్నా వెళ్లొచ్చాను.

వెనిస్‌లో అద్దెలు చూసి భయపడి పక్కనే ఒడ్డు మీదున్న మెస్ట్రేలో దిగాం. రైల్లో పది నిమిషాల పైన కొంచెం, స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెద్ద కాలువ. గది మాత్రం ఫోటోల్లో చూపించిన దాంట్లో సగం కూడా లేదు, రెండో రోజు పొద్దున వేడినీళ్లు రాలేదు. ఒకటో నంబరు పడవ అకాడెమియా గ్యాలరీ దగ్గరే దింపుతుంది. సోమవారం మధ్యాహ్నానికే మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

అక్కడ వెనిస్ చిత్రకారుడు జోర్జోనే గీసిన 'తుపాను' ఉంది. 83 సెం.మీ. ఎత్తు, 73 సెం.మీ. వెడల్పు, అంతే. వెనక ఊరి మీద మెరుపు, ఎడమవైపు కర్ర పట్టుకున్న కుర్రాడు, కుడివైపు బిడ్డకు పాలిస్తున్న స్త్రీ, మధ్యలో వాగు. "బిడ్డను ఒళ్లో పెట్టుకోలేదు చూడవే, పక్కన కూర్చోబెట్టుకుంది" అంది అక్క. ఇన్నేళ్లుగా ఈ బొమ్మను పుస్తకాల్లో చూస్తున్నా నాకది తట్టనే లేదు.

1530లో దీన్ని ఒక వెనిస్ పెద్దమనిషి ఇంట్లో చూసిన మికియెల్ అనే కళాభిమాని ఆ ఇద్దరినీ సైనికుడు, జిప్సీ అని రాసుకున్నాడు. ఆదాము హవ్వలనీ, బిడ్డ కయీననీ, మెరుపు దేవుడి శిక్ష అనీ చెప్పినవాళ్లున్నారు. బొమ్మలోని విరిగిన స్తంభాలను బట్టి అతను ధైర్యానికి గుర్తు, పాలిస్తున్న ఆమె దయకు గుర్తు అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఎక్స్‌రే తీస్తే కుర్రాడున్న చోట మొదట ఇంకో నగ్న స్త్రీని గీసినట్టు బయటపడింది. గీస్తూ గీస్తూ మనిషినే మార్చేశాడంటే, ముందే ఖాయం చేసుకున్న ఒకే కథ ఉందని నేను నమ్మలేను. నాకు ముఖ్యమనిపించింది చూపులు: అతను ఆమె వైపు తిరిగి ఉన్నాడు, ఆమె మనల్ని చూస్తోంది, ఆ మెరుపును మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

వియన్నాకు రాత్రి రైలు ఎక్కాం. బెర్తు ఇరుకే, నిద్ర అంతంతమాత్రం, అయినా ఒక రాత్రి గది అద్దె మిగిలింది. కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం గురువారం రాత్రి 9 దాకా ఉంటుంది, సాయంత్రం వెళ్తే హాయిగా చూడొచ్చు. జోర్జోనే 'ముగ్గురు తత్వవేత్తలు' ఇక్కడే ఉంది. ఆ ముగ్గురూ మనిషి మూడు వయసులా, ఏసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులా అన్న వాదన ఇంకా తేలలేదు.

మా సాయంత్రమంతా మాత్రం ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రకారుడు బ్రూగెల్ బొమ్మల గదిలోనే గడిచింది. 1565 నాటి 'మంచులో వేటగాళ్లు' ముందు కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ముగ్గురు వేటగాళ్లూ మనకు వీపు పెట్టి నడుస్తున్నారు, ముఖాలు కనపడవు, అయినా వాళ్ల అలసట ఆ వంగిన భుజాల్లోనూ తలలు వేలాడేసిన కుక్కల్లోనూ తెలిసిపోతుంది. అంతమందికీ దొరికింది ఒక్క నక్క. పక్కనే సత్రం బోర్డు, దాని మీద వేటగాళ్లను కాపాడే సెయింటు, జింక. ఆ బోర్డు ఒక కొక్కెం ఊడి పక్కకు వేలాడుతోంది! కింద గడ్డకట్టిన చెరువు మీద పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు.

రెండింటిలో ఒక్క ఊరికే వెళ్లగలమంటే వియన్నాకే వెళ్లండి, కూర్చుని తీరిగ్గా చూడొచ్చు. 'మంచులో వేటగాళ్లు' బ్రూగెల్ గీసిన ఋతువుల వరుసలోది, ఆ వరుసలో ఇప్పటికి నిలిచి ఉన్నవి దీంతో కలిపి ఐదు, వాటిలో మూడు ఇక్కడే. ఎండుగడ్డి కోతల బొమ్మ ప్రాగ్‌లో ఉంది, వియన్నా నుంచి రైల్లో నాలుగ్గంటలు. ఈసారి సెలవు చాలలేదు, మళ్లీ వెళ్తే ముందు ప్రాగ్‌కే టికెట్ తీస్తాం.