సీప్యాప్ మెషిన్‌తో మూడేళ్ళు: నా నిద్ర, నా మోకాళ్ళు

నాకు యాభై ఎనిమిదేళ్ళు. రాజమండ్రిలో లిఫ్ట్ లేని ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటాం. నాకు స్లీప్ ఆప్నియా ఉంది, అంటే నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు. అది తేలినప్పటి నుంచి, అంటే మూడేళ్ళుగా, రోజూ రాత్రి ఆటో సీప్యాప్ పెట్టుకునే పడుకుంటున్నాను. మాస్క్ ద్వారా గాలిని ప్రెషర్ తో పంపి ఆ దారి మూసుకుపోకుండా చూసే మెషిన్ ఇది, ప్రెషర్ ఎంత కావాలో అదే సర్దుకుంటుంది.

అంతకుముందు పొద్దున్నే తలనొప్పితో లేచేదాన్ని. కూరగాయలు తరుగుతూనే కునుకు పట్టేది. రాత్రి నాలుగుసార్లు గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళేదాన్ని. ఓసారి గడప దగ్గర పడి మణికట్టు వాచింది. మోకాళ్ళు అరిగాయని ఎక్స్‌రేలో అప్పటికే తేలింది కాబట్టి, ఏం జరిగినా మోకాళ్ళ వల్లే అనుకున్నాం. గురక సంగతి డాక్టరుకు నేనే చెప్పలేదు. ఆడదాన్ని, గురక పెడతానని ఎలా చెప్పుకోను అని సిగ్గు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి ఓ రాత్రి నా నిద్రను ఫోన్‌లో వీడియో తీసి చూపించింది. గురక ఉన్నట్టుండి ఆగిపోయి, ఛాతీ కొట్టుకుంటోంది కానీ ఊపిరి లేదు. అది చూసి చాలా భయపడ్డాను.

పరీక్షలో గంటకు 41 సార్లు ఊపిరికి అడ్డు పడుతోందని వచ్చింది. 30 దాటితే తీవ్రం కిందే లెక్క.

మొదటి నెల నరకం. షాపులో ఇచ్చిన మాస్క్ నా ముఖానికి పెద్దది. గాలి కళ్ళలోకి కొట్టేది, ముక్కు మీద పుండు పడింది. చిన్న సైజుకి మార్చుకున్నాకే నిద్ర పట్టింది. కాబట్టి మెషిన్ ఏ కంపెనీదైనా, మాస్క్ మాత్రం పడుకుని, గాలి ఆన్ చేసి, అటూ ఇటూ తిరిగి చూసి తీసుకోండి. వీలైతే ముందు ఓ నెల అద్దెకు వాడండి.

అన్నిటికంటే ముందు తగ్గింది రాత్రి లేవడం. ఊపిరి అడ్డుపడ్డప్పుడు గుండె మీద ఒత్తిడి పడి, మూత్రం ఎక్కువ తయారయ్యే హార్మోన్ వదులుతుందట. డాక్టరు ఇలా చెప్పాకే నాకు అర్థమైంది. ఇప్పుడు ఒక్కసారి లేస్తే ఎక్కువ. చీకట్లో పడతానన్న టెన్షన్ పోయింది. నా వరకు అదొక్కటే చాలు, పెట్టిన డబ్బు దండగ కాలేదు.

మోకాళ్ళ సంగతి నిజం చెప్పాలి. అరిగిన కీలును మెషిన్ బాగుచెయ్యదు. బరువూ తగ్గించదు, మొదటి ఏడాది నేను రెండు కిలోలు పెరిగాను కూడా. అయితే పగలు ఒంట్లో ఓపిక మిగులుతోంది. ఫిజియోథెరపీలో చెప్పిన తొడ కండరాల వ్యాయామాలు అంతకుముందు రెండు రోజులు చేసి మానేసేదాన్ని. ఇప్పుడు మానడం లేదు. నిద్ర సరిగా ఉన్న మర్నాడు నొప్పి కూడా అంతగా బాధించదు. సాయంత్రం గోదావరి గట్టు మీద అరగంట నడుస్తున్నాను. ఒకప్పుడు కార్తీక మాసంలో పుష్కర ఘాట్ మెట్లు దిగలేక, పైనే కూర్చుని మా అమ్మాయి చేత దీపం వదిలించాను. పోయిన కార్తీకంలో నేనే దిగాను. ఒక్కో మెట్టూ రెండు కాళ్ళూ ఆనించి, మెల్లగా.

కష్టాలూ ఉన్నాయి. ఎండాకాలం కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది. దీనికోసమే ఇన్వర్టర్ పెట్టించాం. గాలికి తేమ ఇచ్చే హ్యూమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. కుళాయి నీళ్ళు పోస్తే అడుగున తెల్లగా పేరుకుంటుంది. మాస్క్ కుషన్, ఫిల్టర్ ఎప్పటికప్పుడు మార్చాలి, ఆ ఖర్చు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. రాత్రి రైలు ప్రయాణం ఇప్పటికీ ఇబ్బందే.

ఈ మధ్య కుడి మోకాలికి ఆపరేషన్ మాట వచ్చింది. స్లీప్ ఆప్నియా ఉన్నట్టు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, మత్తు దిగేటప్పుడు ఊపిరి అడ్డుపడే ప్రమాదం మనకు ఎక్కువ. రిపోర్టు, ప్రెషర్ వివరాలు ఒక ఫైల్‌లో పెట్టుకున్నాను. ఆసుపత్రికి బట్టల సంచితో పాటు మెషిన్ కూడా వస్తుంది.